హాజరు పట్టీలో లేని పిల్లలు

(నెల్లూరులో చేసిన వెన్నెలకంటి రాఘవయ్య స్మారకోపన్యాస పాఠం)

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చినవాళ్ళు ఆఖరి బస్సు చూసుకోవాలని నిర్వాహకులు నన్ను ముందే హెచ్చరించారు. కాబట్టి ఉపోద్ఘాతం తగ్గించుకుంటాను.

రాఘవయ్య గారి గురించి ఈ ఊరికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1897లో పుట్టారు, 1981లో పోయారు. 1946లో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వంలో పార్లమెంటరీ కార్యదర్శిగా ఉన్నారు. యానాదుల మీద, సంచార జాతుల మీద, గిరిజన తిరుగుబాట్ల మీద ఇంగ్లీషులో పుస్తకాలు రాశారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. ఏటా దండ వేసేటప్పుడు మనం చదివే జాబితా ఇదే. నేను కోర్టువాణ్ణి. ఆయన పుస్తకాలు నాకిష్టమే గానీ, ఆయన బతుకులో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఒక రద్దు చట్టం. ఉన్న చట్టాన్ని పీకి పారేయడానికి చేసిన చట్టం. లాయర్లకు అలాంటివి అరుదుగా దొరుకుతాయి.

నేరస్థ జాతుల చట్టం 1871లో ఉత్తరాదిన పుట్టింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికీ తెచ్చారు. 1924లో మరోసారి బిగించారు. అది పనిచేసిన తీరు కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే ఈ రోజు నేను చెప్పదలచిందంతా అక్కడే ఉంది. ముందు ఒక జాతిని మొత్తంగా నేరస్థ జాతి అని గెజెట్‌లో వేస్తారు. తర్వాత మేజిస్ట్రేటు రిజిస్టరు తెరుస్తాడు. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, వేలిముద్రలు. రమ్మన్న రోజున వచ్చి పేరు రాయించుకోకపోతే అదొక నేరం. పేరెక్కాక హాజరు చెప్పాలి. ఊరు దాటితే చెప్పి దాటాలి, చీటీ చూపించాలి. కూతురి పెళ్ళికి పక్క తాలూకాకు పోవాలన్నా ఇదే తంతు. ఇంత చేసినా దొరతనానికి తృప్తి కలగలేదు. 17వ సెక్షన్ కింద, ఆరేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళ లోపున్న పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక బడులకో, సంస్కరణ బడులకో పంపే అధికారం ప్రభుత్వం తీసుకుంది. ఆ పిల్లలు ఏ నేరమూ చేసి ఉండనక్కర్లేదు. ఫలానా ఇంట పుట్టి ఉంటే చాలు.

ఆ చట్టం కింద జాతుల్ని తెచ్చి కట్టడిలో ఉంచిన సెటిల్‌మెంట్లలో స్టూవర్టుపురం అందరికీ తెలుసు, సినిమాల పుణ్యమా అని. మన కావలిలోనూ, బిట్రగుంట పక్క కప్పరాళ్ళతిప్పలోనూ ఎరుకల సెటిల్‌మెంట్లు ఉండేవని నెల్లూరు కుర్రవాళ్ళు చాలామందికి తెలియదు. కావలిది అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. అక్కడ పని ఉంది, బడి ఉంది, హాజరు ఉంది, కదిలే స్వేచ్ఛ ఒక్కటే లేదు. యానాదుల్లో కొందరినీ ఆ చట్టం జాబితాలోకి లాగింది. రాఘవయ్య గారు వాళ్ళ గూడేల్లో తిరిగి, సంఘం కట్టి, అర్జీలు రాసి, చివరికి శాసనసభలో కూర్చుని పోరాడింది దీనిమీదే. 1947లో మద్రాసు శాసనసభ ఆ చట్టాన్ని తన రాష్ట్రంలో రద్దు చేసింది. దేశం మొత్తానికి రద్దు 1952 ఆగస్టు 31న గానీ రాలేదు. అంటే మన రాష్ట్ర శాసనసభ ఢిల్లీ కంటే ఐదేళ్ళు ముందు నడిచింది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఆ చట్టం దుర్మార్గమైనదని వేరే చెప్పక్కర్లేదు. కానీ చేతకాని చట్టం అని మాత్రం అనలేం. కప్పరాళ్ళతిప్పలో ఎరుకల పిల్లవాడు ఏ పూట ఎక్కడున్నాడో తెల్లదొరల ప్రభుత్వానికి తెలుసు. టెలిఫోను లేదు, కంప్యూటరు లేదు. ఒక పుస్తకం, ఒక సిరాబుడ్డి, జవాబు చెప్పుకోవలసిన ఒక అధికారి. ఇప్పుడు మనకు అన్నీ ఉన్నాయి. ఆ పిల్లవాడి మునిమనవడు ఈ నెల ఏ బడిలో ఉన్నాడో చెప్పమనండి చూద్దాం.

మైపాడు రోడ్డు దిగి గట్ల మీదుగా లోపలికి పోతే రొయ్యల గుంటలు. గుంట మూలన టార్పాలిన్ కప్పిన గుడిసె. అందులో కాపలా ఉండేది చాలాచోట్ల యానాది కుటుంబమే. జీతం ఒకరికి, పని ఇంటిల్లిపాదికీ. మగవాడు మేత చల్లుతాడు, చెక్ ట్రే పైకి లాగి రొయ్య మేత తిన్నదీ లేనిదీ చూస్తాడు. ఆడమనిషి గట్టు, మోటారు, వంట చూసుకుంటుంది. పిల్లలు కొంగల్ని తోలతారు. రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. జనరేటరు వేయడం ఆలస్యమైతే తెల్లారేసరికి లక్షల సరుకు తేలిపోతుంది. అందుకని ఎవరో ఒకరు చెవి అటువేసి పడుకోవాలి. ఏరియేటరు చప్పుడు ఆగిన సంగతి నిద్రలో కూడా ముందు పసిగట్టేది పిల్లలేనట. నాకు ఆ మాట చెప్పిన తల్లి గర్వంగానే చెప్పింది. పక్కన పదేళ్ళవాడు నిలబడి ఉన్నాడు. ఎన్నో తరగతిరా అని అడిగాను. వాడు పలకలేదు, తల్లే అందుకుంది: "మూడు దాకా పొయ్యాడయ్యా. ఈడికొచ్చినాక యాడ కుదిరింది?" గుంటలో రొయ్య ఎన్నో కౌంటుకొచ్చిందని అడిగితే మాత్రం వాడే చెప్పాడు, అరవై అని, అంటే కిలోకు అరవై. తడుముకోలేదు.

పంట నాలుగు నెలలు అటూ ఇటూ. పట్టుబడి అయ్యాక గుంట మారుతుంది. గుంటతో పాటు ఊరు, ఒక్కోసారి మండలం, ఒక్కోసారి జిల్లా. యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు బాకీ మాత్రం మారదు, వెంట వస్తుంది. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు, బడి వేళలు అయ్యాక కుటుంబ వృత్తిలో సాయం చేయవచ్చని ఒక సందు వదిలారు. మత్స్యకారుల పట్టపుపాళెంలో బడి వదిలాక తండ్రి పక్కన కూర్చుని వల బాగుచేసే పిల్లవాడికి ఆ సందు వర్తిస్తుందేమో. గుంట ఈ యానాది కుటుంబానిది కాదు, రొయ్య వీళ్ళది కాదు, బాకీ ఒక్కటే వీళ్ళది. దాన్ని కుటుంబ వృత్తి అంటే చట్టాన్ని వెక్కిరించినట్టే. అయితే కాగితం మీద ఆ పిల్లవాడు ఎవరి దగ్గరా పనిలో లేడు. జీతం తండ్రి పేర ఉంది కదా! ఏ తనిఖీ అధికారి వచ్చినా వాడు అమ్మా నాన్నల దగ్గర ఉన్న పిల్లవాడే.

ఇప్పుడు అదే గుంట చుట్టూ ఉన్న లెక్కలు చూడండి. గుంటకు లైసెన్సు కావాలి. 2020లో మన శాసనసభే ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం చేసింది. కరెంటుకు మీటరు, రాయితీకి యూనిట్ల లెక్క. పట్టుబడి రోజున కౌంటు కౌంటుకూ ధర. సముద్రం మీదికి పోయే పడవకు రిజిస్ట్రేషన్ నంబరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలల భృతికి పేరు పేరునా జాబితా. రొయ్యకు లెక్కుంది, పడవకు లెక్కుంది. అవి ఉండాల్సినవే, నేను కాదనడం లేదు. బళ్ళో చేరిన పిల్లలకు కూడా ఇప్పుడు బోలెడన్ని లెక్కలు: ఆన్‌లైన్ హాజరు, ఫోటోలు, సంఖ్యలు. చేరనివాడు ఏ లెక్కలోకీ రాడు. తల్లుల ఖాతాలో డబ్బు వేసే పథకాలు 2020లో అమ్మ ఒడి, 2025లో తల్లికి వందనం వచ్చాయి. రెండూ మంచివే. రెండూ బళ్ళో పేరున్న పిల్లల తల్లులకే. గుంట గట్టు మీది తల్లికి వందనం లేదు.

మరి చదువు హక్కు చట్టం ఏం చేస్తోందని అడుగుతారు. చిన్న పిట్టకథ చెప్పి జవాబిస్తాను. ఈ దేశంలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 1993లో చెప్పిన కేసు పేరు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. మన రాష్ట్రం పేరే. కానీ ఆ కేసులో పలక పట్టుకున్న పిల్లలెవరూ లేరు. మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల తగాదా అది. డాక్టరు సీట్ల కోసం పెద్దలు పోట్లాడుకుంటుంటే పేద పిల్లల హక్కు అందులోంచి పుట్టింది. 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు.

ఆ చట్టం 9వ సెక్షన్ చదివితే కడుపు నిండుతుంది. స్థానిక సంస్థ తన పరిధిలో నివసించే పద్నాలుగేళ్ళ లోపు పిల్లల రికార్డు ఉంచాలి. వలస కుటుంబాల పిల్లల్ని బళ్ళో చేర్పించాలి. 14వ సెక్షన్: వయసు రుజువు లేదని చేర్చుకోకుండా పంపకూడదు. 4వ సెక్షన్: మధ్యలో మానేసిన పిల్లను వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి ప్రత్యేకంగా నేర్పాలి. ఇక శిక్షలు చూడండి. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా. ఇంటర్వ్యూ పెట్టి పిల్లల్ని వడపోస్తే జరిమానా. ఊరి పొలిమేరలో పిల్లవాడు నాలుగు నెలలు బడి మొహం చూడకుండా ఉంటే? ఎవరికీ ఏమీ లేదు. ఫిర్యాదు చేసుకోవచ్చు. ఎవరు చేసుకోవాలి? జనరేటరు తాడు లాగే ఆ తల్లి.

అదే చట్టం పేద పిల్లలకు ప్రైవేటు బళ్ళలో ఇమ్మన్న నాలుగో వంతు సీట్ల సంగతి ఎక్కువ చెప్పను. మన రాష్ట్రంలో అది హైకోర్టు గట్టిగా చెప్పాక 2022-23 నుంచి గానీ కదల్లేదు. మొత్తం సీట్లలో షెడ్యూల్డు తెగలకు 4 శాతం. గుంట పక్కన కార్పొరేటు స్కూలు ఎవరూ పెట్టరు కాబట్టి, నేను చెప్పే పిల్లలకు దాంతో పనిలేదు.

గట్టు మీద కనీసం అమ్మా నాన్నలు పక్కన ఉంటారు. బాతుల మేపులో అదీ ఉండదు. 2025 మే నెలలో పేపర్లలో వచ్చింది, మీలో కొందరైనా చదివి ఉంటారు. అప్పటికి తిరుపతి జిల్లాలో ఉన్న గూడూరు ప్రాంతపు యానాది కుటుంబం. బాతులు మేపించే యజమాని దగ్గర 25 వేల రూపాయల బాకీ. బాకీ తీరేదాకా తొమ్మిదేళ్ళ కొడుకును తన దగ్గర ఉంచుకున్నాడు. డబ్బు సమకూర్చుకుని తల్లి పిల్లవాణ్ణి అడగడానికి వెళితే ఒక్కోసారి ఒక్కో కథ చెప్పాడు. చివరికి పోలీసులు తమిళనాడులో, కాంచీపురం దగ్గర, పాతిపెట్టిన శవాన్ని బయటికి తీశారు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. ఆ కుటుంబం పేరు నేను చెప్పను, మీరూ వెతకొద్దు. కానీ ఒకటి ఆలోచించండి. ఆ పిల్లవాడు ఏ బడి హాజరు పట్టీలోనైనా ఉండి, వారం రోజులు రాకపోతే ఎందుకు రాలేదని అడగడం ఒక అధికారి ఉద్యోగ బాధ్యతై ఉంటే ఏమయ్యేది? బతికేవాడని హామీ ఇవ్వలేను. తప్పిపోయాడన్న సంగతి తల్లికంటే ముందు ప్రభుత్వానికి తెలిసి ఉండేది.

ఇక ఇదే పిల్లవాడికి పదిహేనేళ్ళు వస్తాయి. అప్పుడు ప్రభుత్వానికి వాడు దొరుకుతాడు. బడి రిజిస్టరులో కనపడనివాడు స్టేషన్‌లో కనపడతాడు. గుంటల మీద రాగి వైరు పోతుంది, మోటారు పోతుంది. ముందుగా జీపు ఆగేది గిరిజన కాలనీ దగ్గర. ఇది కొత్త అలవాటు కాదు, 1911 నాటి రిజిస్టరు చిరిగిపోయినా పేజీలు నెంబర్లతో సహా కొన్ని బుర్రల్లో ఉండిపోయాయి. ఒకసారి అలాంటి కుర్రవాడి కోసం నన్ను పిలిచారు. ఏ స్టేషనో, ఏ సంవత్సరమో అనవసరం. వాడికి పదిహేను అని తల్లి అంటుంది. పంతొమ్మిదని కాగితం అంటుంది. ఆధార్ కార్డులో జనవరి 1 పుట్టినరోజు. పుట్టిన తేదీ తెలియని పేదవాళ్ళందరూ ఈ దేశంలో జనవరి ఒకటినే పుడతారు, మీకు తెలుసు కదా!

బాల న్యాయ చట్టం, 2015ది, నిజానికి మంచి చట్టం. పద్దెనిమిది నిండనివాణ్ణి లాకప్పులో పెట్టకూడదు. ఇరవై నాలుగు గంటల్లో బాల న్యాయ బోర్డు ముందుకు తేవాలి. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్ళలో ఒకరు మహిళ. చిన్న నేరమైతే అసలు ఎఫ్ఐఆర్ కూడా కట్టరు, డైరీలో రాసి వాడి ఇంటి పరిస్థితి మీద నివేదిక తెస్తారు. చిన్న నేరాల విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే ఆరు నెలల్లో తేలకపోతే కేసు మూసేయాలి. తర్వాత రికార్డు చెరిపేయాలి, ఉద్యోగానికి అది అడ్డు రాకూడదు. పిల్లవాడికి కొత్త పలక ఇవ్వాలన్నది ఆ చట్టం మనసులో మాట. కానీ ఈ మేలంతా అందాలంటే ముందు వాడు పిల్లవాడని తేలాలి. ఎలా తేలుతుంది? 94వ సెక్షన్ చెబుతుంది: మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం, లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతే పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతే ఎముకల పరీక్ష. ఆ పరీక్ష ఏడాదో రెండేళ్ళో అటూ ఇటూ పోతుందని కోర్టులే ఎన్నోసార్లు అన్నాయి. పదిహేనేళ్ళవాడి బతుకులో రెండేళ్ళు అటు జరిగితే వాడు ఇంకా పదిహేడే, మరో ఏడాది జరిగితే జైల్లో పెద్దవాళ్ళ మధ్య ఉంటాడు.

చదువుకూ బాల న్యాయానికీ సంబంధమేమిటని నిన్న ఒక మిత్రుడు అడిగాడు. ఇదీ సంబంధం. మూడో తరగతి మధ్యలో వదిలేసి గుంట గట్టుకు పోయినవాడు పదిహేనో ఏట తాను పిల్లవాణ్ణని రుజువు చేసుకోలేడు. బడి పోగొట్టుకోవడంతో పాటు బాల్యానికున్న సాక్ష్యం కూడా పోగొట్టుకుంటాడు. ఈ రెండు చట్టాలనూ రెండు శాఖలు చూస్తాయి, రెండు భవనాల్లో ఉంటాయి, ఒకదాని ఫైలు ఇంకొకదానికి పోదు. పిల్లవాడు మాత్రం ఒక్కడే.

పెద్దవాళ్ళ సంగతీ ఒక్క మాట. నేరస్థ జాతుల చట్టం పోయాక దాని వెనకే అలవాటుగా నేరం చేసేవారి పేరిట చట్టాలు వచ్చాయి. మద్రాసుకు 1948లో, ఆంధ్రప్రదేశ్‌కు 1962లో. పుట్టుకను బట్టి కాదు, శిక్షలను బట్టి అని రాశారు. కాగితం మీద తేడా ఉంది, ఒప్పుకుంటాను. 2024 అక్టోబర్ 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ళలోని కుల వివక్షను కొట్టేస్తూ, విముక్త జాతుల వాళ్ళను, అంటే ఆ పాత జాబితా నుంచి బయటపడ్డ జాతుల వాళ్ళను, ఊరికే అనుమానంతో పట్టుకోవద్దని పోలీసులకు చెప్పింది. ఈ అలవాటు నేరస్థుల చట్టాలు అసలు అవసరమా అని ఆలోచించమని కూడా రాష్ట్రాలకు అంది. మన శాసనసభ ఆలోచించడానికి ముహూర్తం కోసం చూడనక్కర్లేదు. రాఘవయ్య గారి జిల్లా నుంచి ఆ మాట మొదలైతే సబబుగా ఉంటుంది.

చట్టాలు చాలకనా, అమలు లేక కదా అంటారు. వింటాను. ఈ జిల్లాకు ఆ పాఠం బాగా తెలుసు. 1990 జనవరిలో ఇక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బడి వాచకంలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ సీతమ్మ కథ చదివారు. మెట్టన దూబగుంటలో రోశమ్మ గారూ తోటివాళ్ళూ సారా అంగడి మూయించారు. అది పాకి పాకి సారా వేలంపాటల్ని ఆపేసింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం, దానికో చట్టం. అక్షరం నేర్చిన ఏడాది రెండేళ్ళకు ఆడవాళ్ళు ప్రభుత్వాల మెడలు వంచారు. రోశమ్మ గారు 2016లో పోయారు. ఇంతవరకూ గర్వంగా చెప్పుకుంటాం. తర్వాతి ముక్క మింగేస్తాం: 1997కల్లా ఆ చట్టాన్ని సడలించారు, ఖజానాకు డబ్బు చాల్లేదని. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పని చట్టం ఎంత గొప్ప ఉద్యమం కన్నదైనా నిలవదని నా అభిప్రాయం.

చట్టం లేకుండా జీవోలతో నడిపితే ఇంకా అన్యాయం. 2022 జూన్‌లో 117వ జీవో వచ్చింది. ఊళ్ళో బడి నుంచి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్ళకు పంపారు. ప్రభుత్వం మారాక 2025లో ఆ జీవోను తీసేసి బళ్ళను ఇంకో రకంగా విడదీశారు. మొదటిది చేసినవాళ్ళకూ కారణాలున్నాయి, రెండోది చేసినవాళ్ళకూ ఉన్నాయి. వాగు దాటి, హైవే దాటి పోవలసిన ఎనిమిదేళ్ళ పిల్ల తల్లిని మాత్రం అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. జీవో సెక్రటేరియట్‌లో పుడుతుంది. బిల్లయితే శాసనసభలో చదవాలి, మన ఎమ్మెల్యే లేచి అవునో కాదో అనాలి, అది రికార్డులో ఉంటుంది. నాకు కావలసింది ఆ రికార్డు.

రాష్ట్రం చేతిలో ఏముందని అనకండి. చదువు 1977 నుంచి ఉమ్మడి జాబితాలో ఉంది. పోలీసులు, జైళ్ళు, చేపల చెరువులు రాష్ట్ర జాబితాలోవే. పులికాట్ దాటితే తమిళనాడు. ప్రభుత్వ బళ్ళలో చదివిన పిల్లలకు మెడికల్ సీట్లలో 7.5 శాతం ఇస్తూ 2020లో వాళ్ళ శాసనసభ చట్టం చేసింది. గవర్నరు దగ్గర కొన్ని వారాలు ఆగింది, తర్వాత సంతకమైంది, 2022లో మద్రాసు హైకోర్టు నిలబెట్టింది. ఢిల్లీ కోసం వాళ్ళు ఆగలేదు. 1947లో మనమూ ఆగలేదు.

నేను అడిగే చట్టం పెద్దదేమీ కాదు. పది పేజీలు దాటకూడదు. 9వ సెక్షన్ రికార్డుకు మండలంలో ఫలానా అధికారి అని ఒక మనిషిని బాధ్యుణ్ణి చేయాలి. పిల్ల నెల రోజులు ఏ బళ్ళోనూ కనపడకపోతే ఆయన కారణం రాసి, సంతకం పెట్టి, జిల్లాకు పంపాలి. పంపకపోతే ఆయన జీతం లోంచి జరిమానా, సమాచార హక్కు చట్టంలో ఉన్నట్టుగా. గుంట మారితే పిల్ల పేరు కూడా కొత్త ఊరి బడికి తనంతట తాను మారాలి, తల్లి టీసీ కోసం తిరగకూడదు. ఆక్వా లైసెన్సుకు ఒక షరతు కలపాలి: కాపలా కుటుంబంలో పిల్లలెందరు, ఏ బళ్ళో ఉన్నారు అన్నది యజమాని ఏటా రాసివ్వాలి. అబద్ధం రాస్తే లైసెన్సుకు ఎసరు. రొయ్యల రైతులు నా మీద కోప్పడతారు. వాళ్ళలో నా కక్షిదారులూ ఉన్నారు. విదేశాల్లో కొనేవాడు చెరువులో ఏ మందు వాడారో అడిగితే చెబుతున్నాం కదా, ఇదీ చెబుదాం. గిరిజన కాలనీల నుంచీ పట్టపుపాళేల నుంచీ బడి తీసేయాలంటే ముందు ఆ కాలనీలో సభ పెట్టి, తల్లుల మాట రాసుకుని, బండి ఏర్పాటు చూపించాలి. స్టేషన్‌కు తెచ్చిన ప్రతి కుర్రవాడి విషయంలోనూ, వయసు మీద అనుమానం ఉంటే, బడి అధికారికి ఆ రోజే కబురు పోవాలి. వీటన్నిటికీ డబ్బు ఎక్కడిదంటే, ఆక్వా లైసెన్సు రుసుము మీద కొద్దిపాటి సెస్సు. 1997 పాఠం మళ్ళీ నేర్చుకోలేం.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాచను. పేర్లు రాసే రాజ్యాన్ని చూసి యానాది, ఎరుకల కుటుంబాలు భయపడడానికి కారణం ఉంది. రిజిస్టరు అనగానే వాళ్ళ తాతలకు గుర్తొచ్చేది వేలిముద్రలు. కాబట్టి ఈ పేర్లు పోలీసు చేతికి పోకూడదని చట్టంలోనే రాయాలి, పోతే శిక్ష కూడా రాయాలి. 2011 జనాభా లెక్కల్లో ఈ జిల్లాలో నూటికి తొమ్మిది మందికి పైగా షెడ్యూల్డు తెగలవాళ్ళు, అందులో ఎక్కువమంది యానాదులే. పట్టీ వాళ్ళ పిల్లల చదువు కోసమే తెరిచారని వాళ్ళకు నమ్మకం కుదరకపోతే ఒక్క పేరూ నిజంగా రాయించరు. రాయించకపోవడమే న్యాయం కూడా.

ఇక్కడున్నవాళ్ళు చేయగలిగిన పని ఒకటుంది. సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు. మా ఊరి పరిధిలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లల రికార్డు 9వ సెక్షన్ ప్రకారం ఉందా, ఉంటే నకలు ఇవ్వండి అని పంచాయతీనీ మండల విద్యాధికారినీ అడగండి. నకలులో పిల్లల పేర్లు వద్దు, లెక్క చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. లేదని వస్తే, ఆ లేదన్న కాగితమే మనకు కావాలి. కావలి, కోవూరు, సర్వేపల్లి నియోజకవర్గాల తీరపు ఊళ్ళ నుంచి ఆ కాగితాలు పోగుచేసి తెండి. విద్యార్థులు ఈ పని మనకంటే బాగా చేస్తారు. అవి పట్టుకుని ముగ్గురు ఎమ్మెల్యేల ఇళ్ళకూ వెళదాం. బిల్లు ముసాయిదా రాసిపెట్టే పూచీ నాది, ఫీజు అక్కర్లేదు. దరఖాస్తు నమూనాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి, వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.